ఒంటిగంట దాకా కదపకూడదు

ఆ ఇంట్లో అతన్ని అందరూ ఇంజనీరు అనే పిలిచేవారు. వెక్కిరింతగా కాదు, మురిపెంగానే. అన్నయ్య "మా ఇంజనీరుగాడు" అనేవాడు. వీధి మొదట్లో కొట్టు ఉన్న దర్జీ "ఇంజనీరు బాబూ, మా ఫోనులో బొమ్మ రావట్లేదు, కాస్త చూడు" అనేవాడు. ఒక్క వదిన మాత్రం "మరిదీ" అనేది. ఆ పిలుపు వెనకాల ఎప్పుడూ ఓ ప్రశ్న ఉండేది. "మరిదీ, తిన్నావా?" "మరిదీ, పై గదిలో ఫ్యాను ఆపావా?" "మరిదీ, నీ పెట్టె ఎర్రగా మిణుకుతోంది, అంటుకుంటుందేమో చూడు!" ముప్పై నాలుగేళ్ళొచ్చి, పెళ్ళీ పెటాకులూ లేకుండా, అన్నగారింట్లో మేడ మీద గదిలో ఉంటూ, పూటపూటా వదిన చేతి వంట తింటూ, ఆ ప్రశ్నల్ని నస అనుకునేవాడు ఈ మహానుభావుడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది.

అతని ఉద్యోగం ఇంట్లోంచే. నాలుగైదు ఆఫీసుల నెట్‌వర్కులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో కూర్చున్నచోటి నుంచే కనిపెట్టుకుని ఉండాలి. మొదట్లో ఇంటికి ఒక్కటే ఇంటర్నెట్ లైను ఉండేది, వీధిలోంచి తీగ మీద వచ్చేది. రెండు నెలలకోసారి ఎవరో ఒకరు ఏదో ఒక పేరు చెప్పి వీధి తవ్వేవారు, తీగ తెగేది, ఇంజనీరు తల పట్టుకునేవాడు. దాంతో విసిగిపోయి ఇంకో కంపెనీ నుంచి రెండో లైను తీసుకున్నాడు. దానికి తీగ లేదు, టవరు నుంచి గాల్లోంచే వస్తుంది. ఈ రెంటినీ కలిపి నడిపే రౌటరు ఒకటి తెచ్చి మెట్ల కింద చిన్న బల్ల మీద పెట్టాడు. వదిన పెట్టె అనేది దాన్నే.

ఆ పెట్టె చేసే పని అర్థం కావడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఇంటికి రెండు గుమ్మాలున్నాయనుకోండి, ముందుది ఒక వీధిలోకి, వెనకది ఇంకో వీధిలోకి. ఇంట్లో ఎవరు ఏ గుమ్మంలోంచి బయటికి వెళ్ళాలో పెట్టె చెబుతుంది. ఇంజనీరు ఆఫీసు పని తీగ లైను మీద, అన్నయ్య చూసే వార్తలు గాలి లైను మీద. ఒకటి మూసుకుపోతే అందర్నీ రెండోదాన్లోకి మళ్ళిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. అవతల ఉన్నవాళ్ళకి మన మొహం కనపడదు, ఏ వీధిలోంచి వచ్చామో ఆ చిరునామా కనపడుతుంది. అది మారితే, మనిషే మారిపోయాడనుకోవచ్చు.

ఎవరి ఫోను ఏదో, ఎవరి కంప్యూటరు ఏదో పోల్చుకోవడానికి పెట్టెలో ఒక్కోదానికి ఒక పేరు పెట్టుకోవాలి. ఎవరూ చూడరు కదా అని ఇంజనీరు ఇష్టారాజ్యంగా పెట్టాడు. అన్నయ్య ఫోను "పెద్దాయన". తన కంప్యూటరు "రాజా". వదిన ల్యాప్‌టాపు "నస". వదిన ఫోను "చిన్న నస". ఎవరి ఫోను ఇంటి నెట్‌వర్కులోకి వచ్చినా తన ఫోనుకి కబురందేలా ఏర్పాటు కూడా చేసుకున్నాడు. వదిన కూరలు కొనుక్కుని సంచులు మోసుకుంటూ గేటు తీసేసరికల్లా మేడ మీద అతని ఫోను టింగుమనేది. చిన్న నస ఇంటికి చేరింది. అతను చూసి తనలో తానే నవ్వుకునేవాడు. లేచి వెళ్ళి ఆ సంచులు అందుకున్న పాపాన మాత్రం ఏనాడూ పోలేదు.

ఇక వదిన సంగతి. ఆవిడ ఒకప్పుడు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఎంత బక్క మనిషి చేతిలోనైనా ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకునేదట. ఆ అమ్మాయి వేళ్ళకి కళ్ళున్నాయని అక్కడ పేరు. కూతురు పుట్టాక మానేసింది. పదిహేడేళ్ళు గడిచిపోయాయి. కూతురు చదువుకని హాస్టలుకి వెళ్ళిపోయాక, ఖాళీ ఇంట్లో ఒక్కర్తీ కూర్చుని కూర్చుని, మళ్ళీ ల్యాబుకి వెళతానంది. పాత సర్టిఫికెట్ ఎప్పుడో చెల్లకుండా పోయింది, మళ్ళీ పరీక్ష రాయాలి. పక్క వీధి ఆసుపత్రిలో ల్యాబు నడిపే పెద్దావిడ పాత పరిచయస్తురాలు. "పరీక్ష రాసిరా. నెలాఖరు దాకా నీ కోసం సీటు అట్టేపెడతాను" అంది. ఇంటి నుంచి నాలుగు నిమిషాల నడక!

ఎనిమిది నెలలు చదివింది వదిన. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే గరిటె ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో. ఏ వాక్యం మీద ఉందో తప్పిపోకుండా స్కేలు పెట్టుకుని చదివేది, అదీ ల్యాబులో అబ్బిన అలవాటే. నలభై ఐదు దాటితే పరీక్షకి రానివ్వరు, ఆవిడకి నలభై నాలుగు నిండాయి. పరీక్షలో తప్పుడు పని చేశారని తేలితే రెండేళ్ళు బహిష్కారం. అంటే ఆవిడ విషయంలో ఇక ఎప్పటికీ లేనట్టే.

పరీక్ష ఇంట్లోనే, కంప్యూటరులో. గదిలో ఒక్కరే ఉండాలి, మూడు గంటలూ కెమెరా చూస్తూనే ఉంటుంది.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి వదిన పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. "మరిదీ, పదింటి నుంచి ఒంటిగంట దాకా. మధ్యలో ఆగదు కదా నీ నెట్టు?"

"ఆగితే నా పేరు మార్చేసుకుంటాను వదినా. మీరు నిశ్చింతగా వెళ్ళి రాసుకోండి."

అని ఊరుకోలేదు, నిజంగానే పని చేశాడు. ఆ మాటకి అన్యాయం చెయ్యకూడదు. వదిన ల్యాప్‌టాపుని తీగ లైనుకి కట్టేశాడు. తనకే మరుపొస్తుందేమోనని పెట్టెలో దాని పేరు పక్కన గమనిక కూడా రాసుకున్నాడు: "పరీక్ష. ఒంటిగంట దాకా కదపకూడదు."

అదే రోజు పదకొండింటికి అతని ఆఫీసులో నెలనెలా జరిగే ముచ్చట ఒకటుంది. అందరూ వీడియోలో కూడుకుంటారు, ఎవరైనా ఒకరు సొంతంగా చేసిందేదో చూపిస్తారు. మూడు నెలలుగా మన ఇంజనీరు తన రెండు లైన్ల ఇల్లు చూపించాలని ఉవ్విళ్ళూరుతున్నాడు. ఆ రోజు వంతు అతనిది. ఇరవై ఒక్కమంది చూస్తున్నారు, అందులో పెద్ద మేనేజరు కూడా ఉన్నాడు.

బొమ్మలు గీసి చూపించాడు. గుమ్మాల కథ చెప్పాడు. "ఒక మనిషిని ఈ లైను మీంచి ఆ లైను మీదికి మార్చేస్తే, మార్చినట్టు ఆ మనిషికి తెలియను కూడా తెలియదు" అని ఛాతీ విరుచుకున్నాడు.

"మాటలెందుకు గురూ, చేసి చూపించు" అన్నాడొకడు. ఎవరి గొప్పలకైనా సూది గుచ్చే మనిషి ఒకడు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు కదా, వాడు.

ఇంజనీరు పెట్టె లోపలి తెర అందరికీ కనపడేలా పెట్టాడు. ఎవరు ఎంత వాడుతున్నారో పేరుతో సహా ఒక్కొక్క గీతగా కనిపిస్తుంది అందులో. తన గీత లావుగానే ఉంది కానీ దాన్ని కదిపితే ఈ మాటలే తెగిపోతాయి. అన్నయ్య పనికి వెళ్ళిపోయాడు, ఆ గీత లేదు. మిగిలింది ఒక్కటే. కెమెరా నడుస్తోంది కాబట్టి నిండుగా, నిలకడగా, చూపించడానికే గీసినంత ముద్దుగా ఉంది.

"ఆ నస ఎవరండీ బాబూ?" అన్నాడు ఆ సూదిగాడు.

"మా వదిన."

ఇరవై ఒక్కమందీ గొల్లుమన్నారు. పెద్ద మేనేజరు కూడా నవ్వాడు. నవ్వించినందుకు ఇంజనీరుకి ఒళ్ళు పులకరించిపోయింది. ఆ పులకరింతలోనే "నస" మీద నొక్కి, గాలి లైనుకి మార్చమన్నాడు. పెట్టె అడిగింది. పాపం, దానికున్న ఇంగితం వీడికి లేకపోయింది. "దీనికి గమనిక ఉంది: పరీక్ష. ఒంటిగంట దాకా కదపకూడదు. మార్చమంటారా?"

చదివాడు. చదవలేదని తర్వాత ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకుందామన్నా లాభం లేకపోయింది. తన రాతే, శుభ్రంగా చదివాడు. ఒక్క క్షణమే కదా, కనురెప్ప వేసినంతసేపు, మళ్ళీ వెనక్కి తెచ్చేస్తాను కదా అనుకున్నాడు. ఇంతమంది ముందు వద్దులెండి అంటే నామోషీ అనుకున్నాడు. సరేనని నొక్కాడు.

"చూశారా! గీత తెగిందా? ఆవిడకి తెలియను కూడా తెలియదు!"

చప్పట్లు కొట్టారు. "మళ్ళీ ఓసారి చెయ్యి, నేను సరిగ్గా చూళ్ళేదు" అన్నాడు పెద్ద మేనేజరు. మళ్ళీ చేశాడు. అటు, ఇటు, అటు, ఇటు. మొత్తం నాలుగుసార్లు.

నాలుగోసారికి కింద కుర్చీ గరగరమన్న చప్పుడు వినపడింది. ఆ వెంటనే తలుపు తీసిన చప్పుడు. టైము పదకొండూ ఇరవై ఏడు.

అతను మెట్లు దిగి వచ్చేసరికి వదిన గది గుమ్మంలో నిలబడి ఉంది. చీర కొంగు రెండు చేతులతో నలుపుతోంది. "మరిదీ, ఏదో వచ్చింది చూడు" అంది.

ల్యాప్‌టాపు తెర మీద ఉంది. "మీ పేరుతో ఒకే సమయంలో రెండు వేర్వేరు చోట్ల నుంచి పరీక్ష రాస్తున్నట్టు గుర్తించాము. మీ బదులు మరొకరు రాస్తున్నారన్న అనుమానంతో ఈ పరీక్షను నిలిపివేస్తున్నాము."

ఇంజనీరుకి ఒక్క లిప్తలో మొత్తం అర్థమైపోయింది. అతను చేసే ఉద్యోగమే అది, అర్థం కాకపోవడానికి వీల్లేదు. ఒకే మనిషి నిమిషానికోసారి ఒక్కో వీధిలోంచి వస్తుంటే అవతలివాళ్ళు ఏమనుకుంటారు? ఇద్దరు మనుషులనుకుంటారు. అంతా తెలిసి, నోరు తెరిచి అతనన్న మాట ఇదీ:

"ఏమైనా నొక్కారా వదినా?"

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. భయంలో నోరు ముందు పరిగెత్తింది. వెనక్కి లాక్కోవడానికి ఒక్క క్షణం ఉండే ఉంటుంది, కానీ ఆ క్షణంలోనే వదిన తన చేతుల కేసి చూసుకుంది.

"ఏమో మరిదీ. మధ్యలో కీబోర్డు మీద చెమట చుక్క పడితే తుడిచాను. అప్పుడేమైనా తగిలిందేమో." ఆవిడ వేళ్ళు కొంగుకేసి తుడుచుకుంది. "తగిలే ఉంటుంది. నాకీ కంప్యూటర్లు ఎక్కడ తెలుసు!"

పైనుంచి ఇంకా వినపడుతూనే ఉంది, స్పీకర్లోంచి, "గురూ, ఉన్నావా? మళ్ళీ చూపించవూ?" అని.

సాయంత్రం అన్నయ్య పని నుంచి వచ్చి సంగతి విన్నాడు. చెడ్డవాడు కాదు, కానీ దిగులేస్తే విసుక్కునే రకం. "నీకెందుకే ఈ వయసులో ఈ హైరానా? చేతగాని పనులు పెట్టుకుని కూర్చోవడం" అన్నాడు. వదిన పళ్ళేలు తెచ్చి పెట్టింది. ఇంజనీరు తలొంచుకుని భోజనం చేశాడు. కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది వదిన. అతను ఆ మాట అనలేకపోయాడు, ఉప్పు డబ్బా అందుకోనూ లేకపోయాడు. ఆ చప్పటి కూర ముద్ద నీళ్ళతో దింపుకున్నాడు.

చెప్పేస్తాను అనుకున్నాడు. రేపు చెప్తాను అనుకున్నాడు. ముందు వ్యవహారం చక్కదిద్ది, పరీక్ష మళ్ళీ పెట్టించి, ఆ తర్వాత నవ్వుతూ చెప్పేస్తే సరిపోతుంది అని కూడా అనుకున్నాడు. సిగ్గు మనిషిని ఎంత తెలివిమంతుణ్ణి చేస్తుందో చూడండి.

శుక్రవారం పరీక్షల ఆఫీసు నుంచి కబురొచ్చింది. శనివారం సాయంత్రం అయిదులోగా సంజాయిషీ పంపుకోవచ్చు. ఇంటర్నెట్ కంపెనీ వల్ల పొరపాటు జరిగితే ఆ కంపెనీ చేత ఉత్తరం ఇప్పించాలి. ఇంట్లో మరెవరి చర్య వల్లనైనా జరిగితే, ఆ మనిషి ఏం చేశాడో తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఆ పూట రౌటరు రాసుకున్న చిట్టా ఒక్క అక్షరం మార్చకుండా జతచెయ్యాలి. అన్నీ చదివానని అభ్యర్థి కూడా కింద సంతకం చెయ్యాలి.

మొదటి దారి కనపడగానే ఇంజనీరుకి ప్రాణం లేచొచ్చింది. తీగ కంపెనీకి ఫోను చేశాడు. అవతలి అమ్మాయి మర్యాదగా చెప్పింది. "గురువారం మీ లైను అరక్షణం కూడా ఆగలేదండీ." గాలి లైను కంపెనీకి చేశాడు. అక్కడా అదే మాట. జీవితంలో మొదటిసారి ఆ రెండు లైన్లూ ఒకే రోజు నిక్షేపంగా పనిచేశాయి. వీధి తవ్వేవాళ్ళు కూడా ఆ రోజే తవ్వలేదు!

ఆ మధ్యాహ్నం నీళ్ళ కోసం కిందికి వచ్చాడు. వదిన వంటింటి బల్ల ముందు కూర్చుని ఉంది. ల్యాప్‌టాపు మూసే ఉంది. మూత మీద పది వేళ్ళూ ఆన్చి, ఒక్కొక్క వేలే నెమ్మదిగా ఎత్తి దించుతోంది. ఏ వేలు తగిలి ఉంటుందా అని చూసుకుంటోంది ఆవిడ. అతను నీళ్ళు తాగకుండానే వెనక్కి తిరిగి పైకెళ్ళిపోయాడు. మంచం మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ రోజూ చెప్పలేదు.

శనివారం పొద్దున్న పదింటికి మెట్లు దిగుతుంటే వదిన గొంతు వినపడింది. తలుపు ఓరగా ఉంది. ఫోనులో ల్యాబు పెద్దావిడతో మాట్లాడుతోంది.

"లేదండీ, వేరేవాళ్ళని చూసుకోండి. పరీక్ష ఒక్కటే కాదండీ. నా వేళ్ళు నా మాట వినట్లేదు. రేపు అక్కడికొచ్చి ఎవరి చేతిలోనో సూది దించాలి కదా, ఇలాంటి వేళ్ళతో ఎలాగండీ? నాకే భయంగా ఉంది. మీరు నా కోసం సీటు ఆపద్దు."

ఇంజనీరు రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. తనన్న ఒక్క మాట రెండు రోజుల్లో ఎంత దూరం వెళ్ళిందో అప్పుడు తెలిసింది అతనికి. పరీక్ష పోతే పోయింది, ఆ వేళ్ళ మీద ఆవిడకున్న నమ్మకమే పోగొట్టాడు. మిగతా మెట్లు దిగి లోపలికి వెళ్ళాడు.

"వదినా, మీరేం నొక్కలేదు."

వదిన ఫోను బల్ల మీద పెట్టింది. "ఊరుకో మరిదీ. నన్ను ఓదార్చక్కర్లేదు. నా సంగతి నాకు తెలియదా?"

"మీరేం నొక్కలేదు. నేను నొక్కాను."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. అతను చెప్పాడు. ఆఫీసులో గొప్పకి పోవడం, ఇరవై ఒక్కమంది, నాలుగుసార్లు అటూ ఇటూ. గుమ్మాల కథ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి ఛాతీ విరుచుకోవడాలేం లేవు. చెప్తున్నంతసేపూ ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం లేక, గోడ మీద అతికించిన ఆవిడ నోట్సు కాగితాలకేసి చూస్తూ చెప్పాడు. రక్తం గ్రూపులు, సీసాల మూతల రంగులు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు.

అంతా విని ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆ వేళే. మీ గదిలోకొచ్చి తెర మీద చూడగానే."

"మరి, ఏమైనా నొక్కారా అని నన్నడిగావే?"

అతనికి భూమి చీలి అందులోకి వెళ్ళిపోతే బాగుండనిపించింది.

"రెండు రోజులు, మరిదీ" అంది వదిన, గొంతు పెంచకుండా. "రెండు రోజుల నుంచీ నా వేళ్ళని నేను తిట్టుకుంటున్నాను. ఉప్పు డబ్బా పట్టుకోవాలన్నా భయమేసింది."

ఏడిచినా బాగుండేది, నాలుగు దులిపినా బాగుండేది. ఆవిడ లేచి మొహం కడుక్కుని వచ్చి, "ఆ కాగితాలేవో పట్టుకురా. అయిదింటిదాకానే కదా టైము" అంది.

అతను తన చేత్తో ఒక పేజీ రాశాడు. రౌటరు చిట్టా అచ్చు తీశాడు. అచ్చు తీస్తుంటే కానీ గుర్తురాలేదు వెధవకి, ప్రతి వరుసకీ ముందు ఆ పేరుంటుందని. ఒక్క అక్షరం మార్చినా చెల్లదు. మార్చకుండా తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాడు.

వదిన స్కేలు తెచ్చుకుంది. స్కేలు కిందికి జరుపుకుంటూ ఒక్కొక్క వరుసా చదివింది, సంతకం పెట్టేది చదవకుండా పెట్టే మనిషి కాదు ఆవిడ. "ఎనిమిదీ అయిదు. నస. తీగ లైను. గమనిక: పరీక్ష. ఒంటిగంట దాకా కదపకూడదు." స్కేలు జరిగింది. "పదకొండూ ఇరవై రెండు. నస. గాలి లైను. గమనిక చూపబడింది. సరే అన్నారు." స్కేలు ఆగింది.

"ఇందులో నస ఎవరు?"

అతను బల్ల మీది ల్యాప్‌టాపు వేలితో చూపించాడు.

"నేనా?"

"అవును వదినా."

ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టింది. "వాళ్ళందరికీ కనపడిందా, ఇది?"

"కనపడింది."

"నవ్వారా?"

అబద్ధం చెప్పడానికి చివరి అవకాశం. చెప్పలేదు, ఆ ఒక్కటీ నయం. "నవ్వారు వదినా. నేను కూడా నవ్వాను."

వదిన తల పంకించి మిగతా మూడు వరుసలూ కూడా చదివింది. కింద సంతకం చేసింది. సంతకంలో ఎక్కడా వణుకు లేదు.

"ఆ పేరు ఇప్పుడే తీసేస్తాను" అన్నాడు అతను.

"వద్దు. పెట్టావుగా, ఉండనీ. నేనైతే దాన్ని చూడను కదా. చూసేది నువ్వే."

కాగితాలు పంపేశాక అక్కడి నుంచి పరుగులాంటి నడకతో పక్క వీధి ఆసుపత్రికి వెళ్ళాడు. ల్యాబు బయట బల్లల మీద మోచేతి మడతలో దూది నొక్కుకుని నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. పెద్దావిడ కిటికీ దగ్గరే నిలబడి సీసాల మీద పేర్లు సరిచూస్తోంది. లోపలికి పిలుస్తుందేమోనని చూశాడు, పిలవలేదు. అందరూ వింటుండగానే చెప్పాల్సొచ్చింది. తప్పు తనదని, వదిన వేళ్ళు బంగారమని, ఆ సీటు ఆపమని.

పెద్దావిడ చేతిలో సీసా పక్కన పెట్టింది. "అయ్యో, పదిన్నరకే ఇంకో అమ్మాయికి ఫోను చేసేశాను కదయ్యా. సోమవారం నుంచి వస్తానంది. ఆ పిల్లకి ఇప్పుడు లేదని ఎలా చెప్పను?" అని, కళ్ళద్దాల మీంచి అతన్ని చూసింది. "గురువారం జరిగిందంటున్నావు. నిన్నంతా ఏం చేశావు బాబూ?"

బల్లల మీద కూర్చున్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. ఏం చేశానని చెప్తాడు? రెండు కంపెనీలకి ఫోన్లు చేసి, తప్పు అంటగట్టడానికి ఎవరైనా దొరుకుతారా అని వెతికానని చెప్తాడా? ఒక నమస్కారం పెట్టి బయటపడ్డాడు. ఇంటి దాకా నాలుగు నిమిషాల నడక అరగంట నడిచాడు.

ఆ సాయంత్రం అన్నయ్యకి తెలిసింది. లేచి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే దించేసి, "చేతగాని పనులు అన్నాను కదే నేను కూడా" అని భార్య కేసి చూసి, అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు.

పరీక్షల ఆఫీసువాళ్ళు సంజాయిషీ ఒప్పుకున్నారు. మూడు వారాల తర్వాత మళ్ళీ రాయమన్నారు. ఇంజనీరు ఆ రోజుకి గాలి లైను పీకేస్తానన్నాడు, పెట్టే తీసేస్తానన్నాడు, మూడు గంటలూ వీధిలో నిలబడతానన్నాడు. వదిన వద్దంది. ఆ పొద్దున్న ల్యాప్‌టాపు సంచిలో పెట్టుకుని దర్జీ కొట్టు వెనక గదికి వెళ్ళి రాసుకొచ్చింది. అక్కడ ఒక్కటే లైను, అది కూడా అంతంతమాత్రం. బట్టల పేలికల మధ్య కూర్చుని రాసింది. పాసయింది, మంచి మార్కులతో. ఆవిడ వేళ్ళు ఎక్కడికీ పోలేదు.

కానీ పక్క వీధి సీటు పోయింది కదా. ఊరికి ఆ చివర ఇంకో ల్యాబులో దొరికింది. రెండు బస్సులు మారాలి. పొద్దున్నే ఆరింటికి గేటు చప్పుడవుతుంది. మళ్ళీ ఇంటికి చేరేసరికి సాయంత్రం ఏడు.

ఆవిడ అతనితో మాట్లాడ్డం మానలేదు. భోజనం పెట్టడం మానలేదు, పళ్ళెం మీద మూత పెట్టే వెళుతుంది. అడగడమే మానేసింది. తిన్నావా అని అడగదు, ఫ్యాను ఆపావా అని అడగదు. పెట్టె ఎర్రగా మిణుకుతున్నా చూసి ఊరుకుంటుంది. ఎన్నాళ్ళుగానో అతను కోరుకున్న నిశ్శబ్దం అదే. ఆ నిశ్శబ్దంలో అతనికి ముద్ద దిగడం లేదు.

ఏడింటికి ఫోను టింగుమంటుంది. చిన్న నస ఇంటికి చేరింది. ఇరవై ఒక్కమంది నవ్వూ, ఆ స్కేలూ, ఆ వేళ్ళూ అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అతను గబగబా మెట్లు దిగి గేటు దగ్గరికెళ్ళి సంచి అందుకుంటాడు. ఆవిడ ఇస్తుంది. ఏదో ఒకటి మాట్లాడాలని ఉంటుంది అతనికి, క్షమించమని అడగడానికి మొహం చెల్లదు.

ఒక రోజు ధైర్యం చేశాడు. "బస్సులో సీటు దొరికిందా వదినా?"

వదిన చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం ఆగింది.

"ఒకదాంట్లో దొరికింది" అని లోపలికి వెళ్ళిపోయింది.